సైదయ్య తాత పూనో సర్వీసు

కోదాడ సైదయ్య తాతకు ఉన్నది ఒక్కటే జబ్బని డాక్టర్లు అనుకుంటారు గానీ, నిజానికి రెండు. మొదటిది కిడ్నీలది. రెండోది పూనోది. మొదటిదానికి వారానికి మూడు రోజులు మిర్యాలగూడలో చేతికి సూదులు పొడిచి రక్తం కడుగుతారు. రెండోదానికి ఇంతవరకు మందు దొరకలేదు. ఎవరైనా ఆయన పక్కన కాసేపు కదలకుండా దొరికితే చాలు, పెరూ దేశంలోని పూనో పట్నానికి ఎక్కించుకుపోతాడు. రానన్నవాళ్లను కూడా.

అలాగని తాత దేశాలు తిరిగిన మనిషి కాదు. ఆర్టీసీలో కండక్టరుగా ఉన్నన్నాళ్లూ కోదాడ నుంచి మిర్యాలగూడకు, మిర్యాలగూడ నుంచి కోదాడకు తిరిగాడు. నడుమ హుజూర్‌నగర్, నేరేడుచర్ల. అదే రోడ్డు, అవే గుంటలు, అవే గుంటల దగ్గర అదే డ్రైవరు నోటి వెంట అవే తిట్లు. ఒకసారి విజయవాడ డ్యూటీ వేస్తే జ్వరమని సెలవు పెట్టాడు. అటువంటి మనిషి రిటైరై, కిడ్నీలు రెండూ చేతులెత్తేశాక, మంచం దిగకుండా దక్షిణ అమెరికా సర్వీసు మొదలుపెట్టాడు.

డయాలసిస్ సెంటర్‌లో పొద్దున బ్యాచ్‌కు సూదులు దిగి, మిషన్లు తిరగడం మొదలుకాగానే తాత గొంతు సవరించుకుంటాడు.

"పూనో, పూనో, పూనో. ఎక్కేటోళ్లు జల్ది ఎక్కుండ్రి. ఎక్కినోళ్లు జర లోపటికి జరుగుండ్రి."

జరగడానికి ఎవరికీ వీల్లేదు. ఒక్కొక్కరి చేతికి రెండేసి పైపులు. ఒకదాంట్లో రక్తం బయటికి పోతుంటుంది, ఇంకోదాంట్లో లోపలికి వస్తుంటుంది. కదిలితే మిషన్ కూస్తుంది. అయినా తాత తల తిప్పి అందరినీ ఒకసారి చూసుకుని, ఎవరూ ఫుట్‌బోర్డు మీద లేరని నిర్ధారించుకున్నాకే "రైట్" అంటాడు. మొదట్లో డ్యూటీనాటి విజిల్ కూడా తెచ్చి ఊదేవాడు. ఒకరోజు ఆ కూతకు ఎవరి మిషనో ఆగిందనుకుని స్టాఫంతా ఉరికొచ్చారు. ఆనాడే నర్సు శైలజ విజిల్ లాక్కుని జేబులో వేసుకుంది.

"డ్యూటీల ఉన్న కండక్టర్ విజిల్ గుంజుకుంటరా బిడ్డా?"

"డ్యూటీల ఉన్న నర్సుకు గుండెపోటు తెప్పిస్తరా తాతా?"

ఈ పూనో పిచ్చిని ఆయనకు అంటించిన పుణ్యం మనవరాలు నిఖితది. నిఖితకు చదువు సగమే వచ్చింది. ఇంటర్ రెండో ఏట ఇంగ్లీషు తనను తప్పించేలోపు తనే ఇంగ్లీషును తప్పించుకుని బయటపడింది. ఇప్పుడు కోదాడలో సెల్‌ఫోన్ల షాపులో పని. తాత డయాలసిస్ ఉన్న రోజు షాపుకు సెలవు, తాతకు తోడు. సెంటర్‌లో సిగ్నల్ రాదు. పొద్దుపోక పైకప్పు చూస్తూ పడుకుంటున్నాడని, అరకు లోయ వీడియో ఒకటి మెమొరీ కార్డులో వేసి ఇద్దామనుకుంది. కొండలు కనిపించాయి, నీళ్లు కనిపించాయి, సరిపోయిందిలే అని ఎక్కించేసింది. తీరా చూస్తే అది అరకు కాదు. ఎవరో మనిషి కెమెరా పట్టుకుని, ఒక్క మాట మాట్లాడకుండా, పూనో పట్నమంతా పూట పొడుగునా నడిచిన వీడియో.

తాత మొదటి రోజు చాలాసేపు చూసి, "ఈయనేంది, నోరిప్పడు?" అన్నాడు.

"మాటలు లేని వీడియో తాతా. ఊరికే నడుస్తుంటరు, మనం చూస్తుండాలె."

"కండక్టర్ లేని బస్సు లెక్కుంది."

అంతే. ఆ ఖాళీ పోస్టులో మర్నాటి నుంచే తాత చేరిపోయాడు.

పూనో చరిత్ర కావాలని సాయంత్రాలు నిఖిత ప్రాణం తీసేవాడు. ఆ పిల్ల ఫోన్‌లో ఇంగ్లీషులో వెతికి, తెలిసిన మాటల్ని పట్టుకుని, తెలియని మాటల్ని దాటేసి చదివి చెప్పేది. ఏ ఊరివాడు ఏ స్టేజీలో ఎక్కి ఎక్కడ దిగాలో ముప్పై ఏళ్లు గుర్తుపెట్టుకున్న బుర్ర కాబట్టి, తాత ఒక్కసారి వింటే మర్చిపోడు. మర్చిపోకపోవడమే కాదు, విన్నదాన్ని కోదాడ లెక్కల్లోకి మార్చి పెట్టుకుంటాడు. పూనో ఒడ్డునున్న టిటికాకా చెరువు సగం పెరూ దేశంలో, సగం బొలీవియా దేశంలో ఉందని వినగానే తొడ మీద చరిచాడు. "మన లెక్కనే. ఊరి బయట టీ తాగి నాలుగడుగులేస్తే ఇంకో రాష్ట్రం."

ఈ ముక్క సెంటర్‌లో చెప్పినప్పుడు మిల్లు నాగరాజు మంచం మీద లేచి కూర్చున్నంత పని చేశాడు. అతను రైసు మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేసి, ఒళ్లు ఉబ్బి ఇక్కడికి చేరినవాడు.

"రెండు రాష్ట్రాల నడుమ గంత పెద్ద చెరువా? మరి గేట్లు ఎవరి చేతుల ఉన్నయ్?"

"అది డ్యాం కాదయ్యా, గేట్లుండయ్."

"గేట్లు లేకుండ పంచాయితీ ఎట్ల పెట్టుకుంటరు మరి?"

నేరేడుచర్ల శోభ నవ్వింది. ఆమె బట్టలు కుట్టే మనిషి. మిషన్ తొక్కీ తొక్కీ కాళ్లు వాస్తున్నాయనుకుంది కొన్నాళ్లు. కాళ్లది కాదు, కిడ్నీలదని తెలిసేసరికి ఆలస్యమైంది. ఆమెకు పూనోలో నచ్చిన స్టేజీ టకీలే అనే దీవి. అక్కడ అల్లికపని మొగవాళ్లది. పెళ్లయినవాడికి ఒక టోపీ, కానివాడికి ఇంకో టోపీ. పిల్లను అడగడానికి వచ్చినవాడు తాను అల్లిన టోపీలో నీళ్లు పోసి చూపించాలట. చుక్కలు కారితే పెళ్లి క్యాన్సిల్.

"ఇంకోసారి చెప్పు తాతా," అనేది శోభ. "మా ఆయన తోని అల్లిపిస్తే నీళ్లు కాదు, నిమ్మకాయ గూడ జారి పడుతది."

అందరూ నవ్వేవారు. ఒక్క మంగ్త్యా తప్ప.

మంగ్త్యాది వేములపల్లి దగ్గర తండా. తాతకూ శోభకూ నడుమ మంచం ఆయనది. కూతురు చాందీ మోపెడ్ మీద తెచ్చి దింపి, అయిపోయేదాకా బయట మెట్ల మీద కూర్చుంటుంది. మంగ్త్యా నవ్వడు. పూనోను నమ్మడు. అయినా తాత ఫోన్ ఎప్పుడూ ఆయన వైపే తిప్పి పట్టుకుంటాడు, చెయ్యి గుంజుతున్నా సరే. అదొక మొండితనమని నిఖిత అనుకునేది. నమ్మనివాడికే టికెట్ కొట్టాలని పట్టుదల.

"నన్ను సంపనీకి తెచ్చిండ్రు గీడికి," అని మంగ్త్యా గొణిగేవాడు. "దూప అయితుందంటే గిలాసెడు నీళ్లియ్యరు. గీ ముసలోడేమో పొద్దుందాక నీళ్లు సూపెడ్తడు."

అది మాత్రం నిజం. కిడ్నీలు పోయినవాళ్లకు నీళ్లు కొలిచి ఇస్తారు. ఎండాకాలంలో నాలుక అంగిలికి అంటుకుపోతుంది. అటువంటి వాళ్లను వరసగా పడుకోబెట్టి, కంటికి ఆనని చెరువు ముందు నిలబెట్టి, "సూడుండ్రి, ఎన్ని నీళ్లో" అనగలిగిన మనిషి భూమ్మీద తాత ఒక్కడే.

పూనో ఎంత ఎత్తున ఉందంటే అక్కడ గాలి పల్చగా ఉంటుందట. కొత్తగా పోయినవాళ్లు నాలుగు మెట్లెక్కితే రొప్పుతారట.

"గంత దూరం ఎందుకే," అన్నాడు నాగరాజు. "నాకు బాత్రూంకు పోయొస్తెనే ఆయాసం అయితుంది."

"అయితే నువ్వు ఆల్రెడీ పూనో పాసింజర్‌వే. లోపటికి జరుగు."

చెరువులో తుంగతో కట్టుకున్న దీవుల మీద జనం కాపురముంటారని, కింద తుంగ కుళ్లుతుంటే పైన కొత్తది పరుస్తూనే ఉంటారని, పక్కవాడితో పడకపోతే దీవినే రంపంతో కోసి విడదీస్తారని చెప్పినప్పుడు నాగరాజు మెడ ఇటు తిప్పాడు. అన్నతో అతని పొలం గెట్టు తగాదా కోర్టులో నలుగుతోంది.

"రంపం తోనే అయిపోతదా? సర్వేయర్ రాడా?"

"రాడు."

"గాడ పుట్టాల్సింది," అన్నాడు నాగరాజు, పైపులోకి చూస్తూ.

ఇంతమందిని నమ్మించిన తాతకు మంగ్త్యా దగ్గర మాత్రం ఓడ ఆగిపోయింది. నిజంగానే ఓడ. వీడియో చివర్లో చెరువు ఒడ్డున ఒక పాత ఇనుప ఓడ కనిపిస్తుంది. పేరు యావరి. ఇంగ్లండులో తయారుచేసి, ముక్కలు ముక్కలుగా విప్పి సముద్రం దాటించి, కంచర గాడిదల మీద కొండలెక్కించి, పూనోలో మళ్లీ బిగించారు. నడుమలో కాంట్రాక్టరు చేతులెత్తేస్తే ముక్కలన్నీ దారి పొడవునా పడి ఉన్నాయి. ఏళ్ల తరబడి మోశారు. నీళ్లలోకి దింపాక బొగ్గు దొరక్క, లామా అనే జంతువు ఎండుపేడతో నడిపారు. 

"మా మిల్లు పొట్టు తోని నడుస్తలేదా, గదీ గంతే," అని నాగరాజు వెంటనే ఒప్పుకున్నాడు.

మంగ్త్యా ఒప్పుకోలేదు. "అబద్ధం."

"ఫోన్ల రాసుందయ్యా."

"ఫోనుకేమెరుక. మా తాతలు ఎద్దుల మీద ఉప్పు మోసిండ్రు, జొన్నలు మోసిండ్రు. గుంపులు గుంపులు పోతుండె. ఎద్దుకు గిటు ఒక సంచి, గటు ఒక సంచి. రెండు దిక్కుల బరువు సమానం ఉండాలె, లేకుంటే ఎద్దు నడవది. మరి ఓడకు నడుమల దూలం ఉంటది గదా. గా దూలం ఒక్కటే, గిటేం కడ్తరు, గటేం కడ్తరు? మా ఎద్దులతోనే కానిది గాడిదలతోని అయితదా?"

ఆ సాయంత్రం తాత నిఖితను దూలం కోసం కూర్చోబెట్టాడు. నిఖిత ఫోన్‌లో వెతికితే దాటేసిన ఇంగ్లీషు మాటల్లో ఎక్కడో ఉందేమో గానీ, చిక్కలేదు. ఆ రోజు నుంచి వారానికి మూడుసార్లు ఆ దూలం మీద కొట్లాట. మంగ్త్యా వస్తూనే, సూదులకు ముందు చూసే బరువు కూడా చూసుకోకుండా, "ఏం కండక్టరూ, దూలం దొరికిందా?" అని మొదలుపెట్టేవాడు.

చరిత్రలో తాత ఆపని స్టేజీ ఒకటుంది. పూనోకు కాస్త దూరంలో ఇంకో చెరువు ఒడ్డున గుండ్రటి రాతి బురుజులున్నాయి. ఒకనాటి పెద్దమనుషులను పాతిపెట్టిన సమాధులు. నిఖిత అది చదువుతుంటే తాత చెయ్యెత్తాడు. "ఆ స్టేజీల బస్సాగది. ముందుకు పో."

"మస్తుంటది తాతా, ఎండ పడితే—"

"మా పాసింజర్లు గాడికే పోయేటోళ్లు. ముందుగాల సూపెట్టుడెందుకు?"

ఇంతలో కోదాడలోనే కొత్త డయాలసిస్ సెంటర్ తెరిచారు. ఇంటి నుంచి మెల్లగా నడిచినా పోవచ్చు. నిఖిత తండ్రి జితేందర్ సంతోషంగా సీటు ఖాయం చేసుకొచ్చి చెప్పాడు.

తాత అన్నం కలుపుతూ, "ఆ రూట్ల పూనో సర్వీసు లేదు," అన్నాడు.

"నాయినా, నీకేమన్న మతిపోయిందా? బస్సుల పోయి, బస్సుల వచ్చి సగం సచ్చిపోతున్నవ్."

"బస్సుల సగం జీవితం బతికిన. సగం సస్తే లెక్క సమానం."

జితేందర్ వారం రోజులు తండ్రితో మాట్లాడలేదు. అలిగింది ఆయన, బస్సులో బాధపడాల్సింది నిఖిత. రక్తం కడిగిన తర్వాత మనిషి పిండిన గుడ్డలా ఉంటాడు. తిరుగు బస్సులో తాత కిటికీకి తల ఆనించి, నేరేడుచర్ల దాకా కళ్లు తెరవడు. పిక్కలు పట్టేస్తే పళ్లు బిగిస్తాడు. హుజూర్‌నగర్ దగ్గర ప్రతిసారీ కవర్‌లో వాంతి. నిఖిత కవర్ పట్టుకుని, వీపు రాస్తూ, లోపల్లోపల తిడుతూనే ఉండేది. ఒక వీడియో కోసం, నలుగురి ముందు కండక్టరు వేషం కోసం, ఈ చావు చావాలా? ఒకరోజు పైకే అంది.

"పూనో ఫోన్ల ఉంది తాతా. ఫోన్ కోదాడకు గూడ వస్తది."

"ఫోన్ వస్తది," అన్నాడు తాత కళ్లు మూసుకునే. "పాసింజర్లు రారు."

ఆ తర్వాత ఒక శుక్రవారం శోభ మంచం మీద దుప్పటి నీటుగా మడిచి ఉంది. ఆ సెంటర్‌లో మడిచిన దుప్పటికి అర్థం అందరికీ తెలుసు. ఎవరూ అడగలేదు. శైలజ ముఖం కడుక్కుని వచ్చి అందరికీ సూదులు పెట్టింది. తాత ఆ మంచం వైపు చూడకుండా ఫోన్ ఆన్ చేశాడు. ఫోన్‌లో పూనో దానంతటదే నడుస్తోంది, కండక్టరు లేకుండా.

మంగ్త్యా అడిగాడు. "శోభమ్మ ఏ స్టేజీల దిగింది, సైదయ్యా?"

తాత ఫోన్‌ను ఇంకాస్త ఆయన వైపు తిప్పాడు.

"నేను గూడ దిగుత," అన్నాడు మంగ్త్యా. కోపంగా కాదు, టైం చెప్పినట్టు. "బిడ్డ కూలికి పోతలేదు. దాని పిల్లలు బడి నుంచి వస్తె తాళం ఉంటది ఇంటికి. నేను బతుకుడే దానికి పని అయిపోయింది. ఇగ రాను."

"దూలం సంగతి తేలలే గద," అన్నాడు తాత.

"తేలినా తేలకున్నా నాకేంది."

డయాలసిస్ మానేసినవాళ్లు ఎన్నాళ్లుంటారో ఆ మంచాల మీదివాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. మానేసినవాళ్లను మళ్లీ చూసేది దండ వేసిన ఫొటోలోనే.

తర్వాతి డయాలసిస్ రోజు మంగ్త్యా రాలేదు. శోభ మంచం మీద కొత్త పేషెంటు ఉంది. పేరు నవ్య. పెళ్లయి ఏడాది కూడా కాలేదట. భర్త మందులకు పోయాడు. మిషన్ వైపు చూడకుండా గోడ వైపు చూస్తూ, రెండు చేతులతో దుప్పటి అంచు పిండుతోంది. ఆమెకు చేతికి కాక మెడ దగ్గర పైపు వేసి తెచ్చారు.

తాత బరువు చూసుకున్నాడు. ముఖం ఉబ్బి, కళ్లు చీలికలయ్యాయి. శైలజ సూది పట్టుకుని వచ్చింది.

"ఆగు బిడ్డా. పాసింజర్ రావాలె."

"ఏ పాసింజర్ తాతా? చెయ్యి చాపుండ్రి."

"మంగ్త్యా రాలే."

"ఆయన రానని చెప్పిండు గదా. నేను పొద్దున ఫోన్ జేసిన."

తాత చెయ్యిని పొట్ట మీద పెట్టుకున్నాడు. పల్లె బస్సులో పనిచేసినవాళ్లకు ఒక పద్ధతి ఉంది. అది ఏ రూల్ పుస్తకంలోనూ లేదు. రోజూ ఎక్కేవాడు స్టేజీలో కనిపించకపోతే బస్సును కదలనివ్వరు. డ్రైవరు హారన్ కొడతాడు. అయినా రాకపోతే కండక్టరు దిగి ఇంటి దాకా పోతాడు. బస్సులోవాళ్లు తిడతారు, అయినా కూర్చుంటారు, ఎందుకంటే రేపు తమకోసం కూడా ఆగాలి.

"హారన్ కొట్టాలె," అన్నాడు తాత.

"తాతా, నాటకాలు బంద్ చెయ్," అంది నిఖిత. తాత ఊపిరి తీస్తుంటే ఛాతీలో నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. "స్లాట్ పోతది. నీకు రేపటిదాక ఆగదు."

"అదే నేను జెప్పేది. మంగ్త్యాకు గూడ ఆగదు. ఫోన్ కొట్టు."

నిఖిత బయటికి పోయి, సిగ్నల్ దొరికిన గుమ్మం దగ్గర నిలబడి చాందీకి ఫోన్ కలిపింది. స్పీకర్ పెట్టి చెయ్యి లోపలికి చాపింది.

"రానంటున్నడు చెల్లే," అంది చాందీ గొంతు. "గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. నేనేం జెయ్యాలె?"

"మంగ్త్యాకియ్యి," అని తాత లోపలి నుంచి అరిచాడు. "మంగ్త్యా, బస్సు నీకోసం ఆగింది."

"నేను దిగిన. పోనియ్యి."

"నీళ్ల నడుమల ఉన్నం. గీడ స్టేజీ లేదు. ఎట్ల దిగుతవ్?"

"నీ చెరువు సల్లగుండ. నన్ను ఇడిసిపెట్టు, సైదయ్యా."

"సరే. నేను గూడ సూది పెట్టించుకోను."

"బెదిరిస్తున్నవా?"

శైలజ విసవిసా గుమ్మం దాకా వచ్చి ఫోన్ తీసుకుంది. "బెదిరించుడు కాదు పెద్దాయనా, నిజంగనే చెయ్యి ఇస్తలేడు. ఇంకో మాట చెప్త విను. ఈ తాతకు కోదాడల ఇంటి పక్కన సీటొచ్చింది. పోలేదు. ఎందుకని అడిగితే ఏమన్నడో తెలుసా? 'నేను పోతే మంగ్త్యా ఒక్కడైతడు. వాడు రక్తం చూస్తే భయపడతడు. తెల్లారి నుంచి రాడు' అన్నడు. ఎవరికీ చెప్పొద్దన్నడు."

"చెప్పొద్దన్న గద," అన్నాడు తాత లోపల నుంచి, నీరసంగా.

నిఖిత గుమ్మానికి ఆనుకుని నిలబడిపోయింది. హుజూర్‌నగర్ దగ్గర తను పట్టుకున్న కవర్లన్నీ, మనసులో తిట్టిన తిట్లన్నీ వరసగా గుర్తొచ్చాయి. తాత వైపు చూద్దామంటే చూడబుద్ధి కాలేదు. ఫోన్‌లో అటువైపు మంచం కిర్రుమంది. తర్వాత లంబాడీలో తండ్రీకూతుళ్లు అరుచుకుంటున్న చప్పుడు. ఆ తర్వాత మోపెడ్ స్టార్టయిన చప్పుడు.

వాళ్లు వచ్చేలోపు తాత గోడకు ఆనుకుని కూర్చుని, నోటితో గాలి పీలుస్తూ ఉన్నాడు. శైలజ రెండుసార్లు వచ్చి బీపీ చూసి, రెండుసార్లు డాక్టరుకు ఫోన్ చేసింది. నాగరాజు తన మిషన్ తిరుగుతుండగానే, "సూది పెట్టించుకోవే ముసలోడా, వస్తడులే," అని బతిమాలాడు. తాత తల అడ్డంగా ఊపాడు. మాట్లాడే శక్తి లేదు.

మంగ్త్యా గుమ్మంలోకి వస్తూనే మొదలుపెట్టాడు. ముఖం ఆయనదీ ఉబ్బి ఉంది. తలకు తువ్వాల సగం చుట్టి, సగం వేలాడుతోంది.

"నీకు సిగ్గుందా కండక్టరూ? మా తాతలు ఎద్దులు తోలుకపోయిన కాలంల ఒక ఎద్దు కూలబడితే గుంపు మొత్తం ఆగేది. గా ఎద్దును తిట్టేటోళ్లు, తోక మెలిపెట్టేటోళ్లు, గాని ఇడిసిపెట్టి పోయేటోళ్లు కాదు. నా మూలంగ గుంపు ఆగిందన్న మాట నాకొద్దు. నన్ను కూలబడ్డ ఎద్దును చేస్తివి గద."

తాత ఊపిరి కూడగట్టుకున్నాడు. "తోక మెలిపెట్టుడు... మాకు గూడ వచ్చు."

వెనకాలే వచ్చిన చాందీ తండ్రి తువ్వాల లాగి సరిగ్గా కట్టింది. ఇంటి నుంచి లంబాడీలో తిట్టుకుంటూ వచ్చింది గానీ, ఇప్పుడు అందరూ వినాలని తెలుగులో అంది. "నువ్వు పోతే నాకు పని తక్కువైతదన్నవ్. అవును, తక్కువైతది. మరి రోజు పొద్దుగాల నన్ను తిట్టనీకి ఎవరిని తెచ్చుకోవాలె? పండు. చెయ్యి చాపు."

మంగ్త్యా పడుకున్నాడు. చెయ్యి చాపాడు. చాపుతూ తల తాత వైపు తిప్పాడు. "ముందు వానికి పెట్టు," అన్నాడు శైలజతో.

"ముందు పాసింజర్‌కు," అన్నాడు తాత.

"ఇద్దరూ నోర్మూసుకోండ్రి," అంది శైలజ. ఎవరి సూది ముందు దిగిందో ఆమె కోపంలో ఎవరికీ అర్థం కాలేదు.

మిషన్లు తిరిగాయి. కాసేపటికి తాత ఊపిరిలో చప్పుడు తగ్గింది. "పూనో" అనబోయి, సగం అక్షరంలోనే నిద్రలోకి జారిపోయాడు. ఇన్నాళ్లలో బస్సు కదిలాక కండక్టరు నిద్రపోవడం అదే మొదలు. ఫోన్ ఆయన ఛాతీ మీద బోర్లా పడింది. నిఖిత తీయబోయి ఆగింది, అవతలి మంచం మీద చప్పుడు విని.

నవ్య మిషన్ అప్పుడే మొదలైంది. పైపులో తన రక్తం బయటికి పోవడం చూసింది. అంతే, పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. శైలజ ఇంకో మంచం దగ్గర ఉంది. భర్త ఇంకా రాలేదు.

మంగ్త్యా కాసేపు ఆ అమ్మాయిని చూశాడు. కాసేపు పైకప్పు చూశాడు. తర్వాత సూదులు లేని చెయ్యి చాపి నిఖితకు సైగ చేశాడు. నిఖిత తాత ఛాతీ మీది ఫోన్ తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని నవ్య వైపు తిప్పి పట్టుకున్నాడు.

"అమ్మా, పైపు దిక్కు సూడకు. సూస్తె గుండె జారుతది. నాగ్గూడ మొదటి రోజు గట్లనే అయింది. గప్పుడు గీ ముసలోడు నన్ను గిట్లనే మోసం జేసిండు. గిటు సూడు. గిది పూనో అని ఒక ఊరు."

నవ్య కళ్లు ఫోన్ వైపు తిరిగాయి.

"గా నీళ్లు సూసినవా? సముద్రం కాదు, చెరువే. గా ఒడ్డుకు ఇనుప ఓడ ఉంటది సూడు, జరసేపైతే వస్తది. దాన్ని ముక్కలు ముక్కలు జేసి కొండల మీదికెల్లి మోసుకొచ్చిండ్రు."

"ఓడనా?" అంది నవ్య. పళ్లు కొట్టుకోవడం కాస్త తగ్గింది. "ఎవరు మోసిండ్రు?"

మంగ్త్యా మెడ తిప్పి తాత నిద్రపోతున్నాడో లేదో బాగా చూసుకున్నాడు.

"మావోళ్లే," అన్నాడు.

తాత కళ్లు తెరవలేదు. పెదవి మాత్రం ఒక పక్కకు కదిలింది. పాసింజరు తప్పు స్టేజీ చెబుతుంటే విని కూడా, సర్వీసులో మొదటిసారి, ఆయన ఏమీ అనకుండా బస్సును పోనిచ్చాడు.